సిబ్బంది ఎక్కువైన మేఘం

ఆకాశంలో ఏ పనైనా పద్ధతి ప్రకారమే జరుగుతుంది. నీటావిరి తనంతట తాను చినుకు కాలేదు. కూర్చోవడానికి దానికో రవ్వ కావాలి. దుమ్మురవ్వ కావచ్చు, పొగనుసి కావచ్చు, అలలు చిమ్మిన ఉప్పు కావచ్చు. ఈ రవ్వల్ని నియమించడానికి రేవు పక్కనే సముద్ర మేఘాల కార్యాలయం ఉంది. (అక్కడ ఫ్యాను తిరగదు. గాలి వేరే శాఖ.)

మా ఆవిడ పెట్టిన చిక్కుడు పాదు పూతమీద వాడిపోతోంది. బావిలో చేద వేస్తే బురద వస్తోంది. సముద్రం మీద మాత్రం తెల్లటి మేఘం, ఏకిన దూదిలా, కదలదు, కురవదు. ఇద్దరం వెళ్లి అధికారి ముందు నిలబడ్డాం.

"మేఘం ఉందిగా అమ్మా!" అన్నాడాయన కిటికీలోంచి చూపిస్తూ. "ఇంత నిండు సిబ్బంది మా శాఖ పుట్టాక లేదు."

"సిబ్బంది సరే నాయనా, చినుకేదీ?"

ఆయన ఓపికగా వివరించాడు. పూర్వం ఎక్కువగా ఉప్పురవ్వలే కొలువు చేసేవి. అవి కొద్ది, నీళ్లు బోలెడు. కడుపారా తాగి, లావెక్కి, ఒకదాన్నొకటి గుద్దుకుని దబ్బున కిందపడేవి. (నా చిన్నప్పుడు అలాంటి చినుకొకటి వీపున పడి మా గేదె కుంటింది. అబద్ధమైతే గేదెనే అడగండి.) తర్వాత ఓడలొచ్చాయి. పొగగొట్టంలోని నుసంతా సిఫార్సుతో వచ్చింది. కాదనలేక అందరికీ కొలువిచ్చారు. నీళ్లు మాత్రం అవే. పంచితే తలా ఓ నలుసు. ఒక్కరికీ కిందపడేంత ఒళ్లు లేదు.

"కొందరిని తీసెయ్యరాదూ?" అంది మా ఆవిడ.

"ఎలాగమ్మా? కిందపడితేనే రిటైర్మెంటు. వాళ్లేమో పడరు."

"ఇంతకీ ఆ సిఫార్సులు ఎవరివి బాబూ?" అన్నాను నేను.

ఆయన దగ్గాడు. "మా బావమరిదికి ఓడలున్నాయి లెండి."

"పిందె పడేలోగా ఒక్క జల్లు చాలు నాయనా, ఎక్కువడగను," అంది మా ఆవిడ. ఆ గొంతుకి ఆయన మనసు కరిగింది. చినుకులు ఎందుకు పడటం లేదో దగ్గరుండి చూసి రమ్మని అప్పటికప్పుడే ఓ బృందాన్ని పంపాడు. బావమరిది ఓడలోనే. అందులోనూ బాగా పాతదాంట్లో.

ఆ ఓడ నల్లగా పొగ కక్కుతూ మేఘం కింద శ్రద్ధగా ప్రదక్షిణలు చేసింది. బృందం తిరిగొచ్చి, కొత్త నుసి కొలువులో చేరి మేఘం మునుపటికంటే తెల్లబడిందనీ, ఇది శాఖకు గర్వకారణమనీ తేల్చింది.

పాదు ఎండిపోయింది. మా ఆవిడ దాన్ని పీకి పొయ్యిలో పెట్టింది. పొగ సముద్రం వైపు పోయింది.

మర్నాడు కార్యాలయం నుంచి కబురు: మీ చిక్కుడు పాదుకి పైన ఉద్యోగమొచ్చింది, అభినందనలు.