చివరి పేజీ లేని కథకు ప్రథమ బహుమతి

ఈ ఏటి ఉత్తమ కథా పురస్కారం మన రచయితగారికే దక్కిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కిందటేడూ ఆయనకే దక్కింది, అదే కథకు. మంచి కథకు ఒక్కసారి బహుమతి ఇచ్చి ఊరుకోవడం సాహిత్య ద్రోహమని సంఘం తీర్మానించింది.

కథ చిన్నదే. మిషను కుట్టి తమ్ముణ్ణి చదివించింది అక్క. పెద్దవాడయ్యాక తమ్ముడు మొహం చాటేశాడు. ఆవిడ గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. నిజానికి కథ అక్కడ అయిపోలేదు. తమ్ముడు వచ్చి అక్క కాళ్ళ దగ్గర కూలబడే చివరి పేజీ ఒకటుంది. పత్రికవాళ్ళు పొరపాటున దాని చోట తలనొప్పి మాత్రల ప్రకటన వేశారు. రచయితగారు లబోదిబోమంటూ పరిగెత్తేలోపే విమర్శకులు ఆ ముగింపుకు ముగ్ధులైపోయారు. "తమ్ముణ్ణి రానివ్వకపోవడానికి ఎంత గుండెధైర్యం కావాలి!" అని సంఘాధ్యక్షులు వేదిక మీదే కళ్ళు తుడుచుకున్నారు.

ఆయన సొంత అక్క మాత్రం ఫోను చేసింది. ఆవిడా మిషను కుట్టి మరీ ఈ తమ్ముణ్ణి చదివించింది.

"ఒరేయ్, ఆ తమ్ముడు చివరికి రాడేంట్రా?"

"వస్తాడక్కా. ఆ పేజీ అచ్చులో పోయింది. పుస్తకంలో వేయిస్తాగా."

"హమ్మయ్య. నువ్వలా రాయవనే అనుకున్నా."

రచయితగారు ఆ పేజీ జేబులో పెట్టుకుని ప్రచురణకర్త దగ్గరకు వెళ్ళారు కూడా.

"మతిపోయిందా సార్? కథ పాఠ్యపుస్తకంలోకెక్కింది. తమ్ముడెందుకు రాలేదో వివరించమని పరీక్షలో అడుగుతున్నారు. ఇప్పుడొస్తే పిల్లలంతా తప్పుతారు!"

పిల్లల భవిష్యత్తుతో చెలగాటమాడేంత కఠినాత్ముడు కాదు మన రచయిత. కాగితం మళ్ళీ జేబులోకి వెళ్ళింది. అక్కకిచ్చిన మాట తప్పినందుకు మనసు చివుక్కుమన్న మాట నిజమే. కొత్త జ్ఞాపికకు అలమరలో చోటు వెతికే హడావిడిలో అదీ సర్దుకుంది. తమ్ముడు రాకపోవడంలోని తాత్వికత గురించి ఊరూరా ఉపన్యసించారు. చెప్పగా చెప్పగా ఆయనకే నమ్మకం కుదిరింది.

ఈ ఏటి సభకు బయలుదేరుతుంటే అక్క ఆసుపత్రి నుంచి ఫోను చేసింది.

"ఒంట్లో బాగోలేదురా. ఒక్కసారి వచ్చి కనిపించకూడదూ?"

"సభ అవగానే వచ్చేస్తానక్కా."

సభ ఆలస్యంగా మొదలైంది. సన్మానపత్రం మరీ పొడుగు. ఆయన ప్రసంగిస్తుండగా జేబులో ఫోను మోగి మోగి ఆగిపోయింది.

అక్క ఆ వార్డు గుమ్మం వైపు చూస్తూనే పోయింది.

సంతాపసభకూ ఆ అధ్యక్షులే. "చూశారా, ఆ ముగింపు ఎంత సహజమో!" అన్నారు. రచయితగారు లేచి, జేబులోంచి నలిగిన ఆ పేజీ తీసి చదవబోయారు. తమ్ముడొచ్చే వాక్యం దాకా వెళ్ళలేకపోయారు. అలాగే నిలబడి ఏడ్చారు.

ముందు వరసలో ఉన్నది మనమే కదా. తమ్ముడు ఈసారీ రాలేదని మురిసిపోయి, లేచి నిలబడి చప్పట్లు కొట్టాం.