చంటిబిడ్డతో మరవ టూరు

చంటిబిడ్డ పుట్టాక ఇక షికార్లు బంద్ అని దిగాలు పడేవాళ్లను చూస్తే జాలేస్తుంది. అయ్యా, అమ్మా, ఎంత పొరపాటు! అసలు చంటిబిడ్డ లేనివాళ్లు టూరుకెళ్లి చేసేదేముంది? దిగుతారు, చూస్తారు, తిరిగొస్తారు. అదీ ఒక ప్రయాణమేనా?

చంటిబిడ్డను వెంటబెట్టుకుని బయల్దేరి చూడండి! గడప దాటడమే ఘనకార్యం. వీధి చివరికి చేరితే సగం లోకం చుట్టినట్టే. చూడాల్సింది చూడకుండా తిరిగొచ్చినా అడిగేవాళ్లుండరు. ఇంతటి వెసులుబాటు ఏ ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీలో ఉంది?

నమ్మకం కుదరకపోతే ధర్మవరంలో పట్టుచీరలు నేసే నరేంద్ర ఇంటి సంగతి వినండి. ఆయన భార్య సునంద. పాప శశికి ఏడో నెల. కాన్పయి అత్తారింటికి తిరిగొచ్చినప్పటి నుంచి సునంద చేసిన దూరప్రయాణం ఒక్కటే, టీకాల కోసం ఆసుపత్రికి. అదీ మూడుసార్లు వెళ్లింది! ఇంకేం కావాలి చెప్పండి?

అయినా ఆమెకో కోరిక పుట్టింది. కొత్తచెరువు అవతల ఒక ఊరి చెరువు ఎన్నో ఏళ్లకు నిండి మరవ పారుతోందని కబురొచ్చింది. మరవ అంటే, నిండిన చెరువులోని మిగులు నీళ్లు కట్ట చివర రాళ్ల మీదుగా పొర్లిపోయే చోటు. వేరే జిల్లాల వాళ్లు సముద్రాలూ జలపాతాలూ చూడ్డానికి వెళ్తారు. అనంతపురం వాళ్లకు అంత ఆర్భాటం అక్కర్లేదు. ఎక్కడైనా నీళ్లు కదులుతున్నాయంటే చాలు, ఆటోలు మాట్లాడుకుని పోతారు.

సునంద ఆరేళ్లప్పుడు వాళ్ల నాయన భుజం మీద కూర్చుని ఒక్కసారి మరవ చూసింది. మళ్లీ ఇన్నాళ్లకు. ఇప్పుడు తప్పిపోతే ఇంకెప్పుడు పారుతుందో, అప్పటికి తనకెన్నేళ్లుంటాయో ఎవరికి తెలుసు? ఈసారి ఎలాగైనా చూడాలనుకుంది. ఆ పారే నీళ్లలో కాసేపు కాళ్లు పెట్టుకుని కూర్చోవాలనుకుంది.

"పోదాం లే. అమావాస్యకి ఎట్లాగూ మగ్గం ఆపేదే గదా," అన్నాడు నరేంద్ర.

ఇక్కడే బిడ్డ మహిమ మొదలైంది. వాళ్లింట్లో మగ్గానికి సెలవు అమావాస్యనాడు. బిడ్డను గడప దాటించకూడని రోజు కూడా అమావాస్యే! అంటే ఆ ఇంట పుట్టిన బిడ్డకు టూరు యోగం పంచాంగంలోనే లేదన్నమాట. నరేంద్ర తల్లి రామాంజినమ్మ పూటంతా ఆలోచించి దీనికొక దారి కనిపెట్టింది.

"నేను గూడా వస్తాండా. బిడ్డకి దిష్టి తగలకుండా చూసుకునేది నా పని," అంది.

ఇక ఏర్పాట్లు! శశికి నుదుటన ఒకటి, బుగ్గన ఒకటి, అరికాళ్లలో చెరొకటి నల్లచుక్కలు పెట్టారు. ఉప్పు పొట్లం, గుప్పెడు ఎండుమిరపకాయలు, నాలుగు నిమ్మకాయలు, ఒక ఇనుప మేకు అత్త సంచిలోకి చేరాయి. కోడలి సంచిలో పదహారు పొత్తిగుడ్డలు, రాగిజావ ఫ్లాస్కు, వేడినీళ్ల ఫ్లాస్కు, గిలక్కాయ, దోమతెర. సునంద తన దువ్వెన పెట్టుకుందామంటే చోటు లేదు. పోనీండి, ఆ మేరకు బరువు తగ్గింది!

మరో ముఖ్య విషయం. శశికి జోలపాటలు పనికిరావు. మగ్గం ఆడుతుంటేనే నిద్రపోతుంది, ఆగితే కళ్లు తెరుస్తుంది. అమావాస్యనాడు వీధి వీధంతా నిశ్శబ్దం కాబట్టి ఆ రోజు శశికి నిద్ర ఉండదు, శశికి లేకపోతే ఎవరికీ ఉండదు. అందుకని నరేంద్ర ముందురోజే మగ్గం చప్పుడును గంటసేపు ఫోనులో రికార్డు చేశాడు. తండ్రంటే అలా ఉండాలి!

షఫీవుల్లా ఆటోలో ఎనిమిదికి బయల్దేరాలనుకున్నారు. పదకొండుకు బయల్దేరారు. మధ్యలో గుడ్డలు మార్చడానికి రెండుసార్లు ఆగారు. పాలివ్వడానికి ఒకసారి ఆగితే, చాటు ఎక్కడా లేక ఆటోకి చీర అడ్డం కట్టారు. తమ ఇంటి చీరకు ఇలాంటి ఉపయోగం కూడా ఉందని నరేంద్రకు అప్పుడే తెలిసింది.

ఒక టీ బంకు దగ్గర ఎవరో పెద్దాయన "పాప ముద్దుగుండాదే!" అన్నాడు. అంతే, రామాంజినమ్మ ఆటో దిగింది. పాపకు ఉప్పూ మిరపకాయలూ తిప్పి, టీ మరుగుతున్న పొయ్యిలోనే వేసేసింది. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు, వస్తే లేనట్టు లెక్క. బంకులో వాళ్లందరూ టీ గ్లాసులు వదిలేసి దగ్గుతూ రోడ్డెక్కారు. దిష్టి లేదని తేలిపోయింది. రామాంజినమ్మ కాస్త నిరాశపడింది. చంటిబిడ్డ లేని టూరులో ఇంత వినోదం దొరుకుతుందా?

ఒంటిగంటన్నరకు చెరువు చేరారు. కట్ట పొడవునా జనం! ఆటో కట్ట కింద ఆగింది. మరవ అక్కడికి రెండు వందల అడుగులు. నీళ్ల హోరు వినిపిస్తోంది. సునంద చెప్పులు విప్పి చేత పట్టుకుంది. సరిగ్గా అప్పుడు నరేంద్ర వేలు నోటిమీద పెట్టుకున్నాడు.

"పాప ఇప్పుడే పండుకునింది. కదిలిస్తే లేస్తాది. నువ్వు ఈడే ఉండు, మేం రెండు నిమిషాల్లో చూసొస్తాం. ఆమీట నువ్వు పోదువు."

వీడియో తీయాలి కాబట్టి ఫోను పట్టుకెళ్లాడు. ఫోనుతో పాటు మగ్గం కూడా వెళ్లిపోయింది! శశి కదిలింది. సునంద ఏం చేస్తుంది? నాలుక అంగిటికి కొట్టి, టక్ టక్, టకాటక్ అని తానే మగ్గమైపోయింది. షఫీవుల్లా వెనక్కి తిరిగి చూశాడు. ఏమీ అడగకుండా దిగి తానూ మరవ చూడ్డానికి పోయాడు.

రెండు నిమిషాలు గంటంబావు అయింది. వాళ్లు మోకాళ్ల దాకా తడిసి, ముఖాలు వెలిగిపోతూ వచ్చారు. రామాంజినమ్మ మనవరాలి మీద చల్లడానికి సీసాలో మరవ నీళ్లు పట్టుకొచ్చింది. చల్లింది. శశి లేచింది, ఏడ్చింది, పాలు తాగింది, గుడ్డ తడిపింది. అంతలో మూడున్నర.

"అమావాస్య పూట, పొద్దు వాలేలోపల బిడ్డ ఇల్లు చేరల్ల. పదండి పదండి," అంది రామాంజినమ్మ.

ఆటో కదిలింది. సునందకు ఏడుపొచ్చింది. గాలికి కళ్లలో దుమ్ము పడిందనుకుంటారులే అని ధైర్యంగా ఏడ్చింది.

ఇంటికొచ్చాక నరేంద్ర వీడియో చూపించాడు. నలభై సెకన్లు. ముప్పై సెకన్లు ఆయన ముఖం, మిగతా పదీ వాళ్లమ్మ కాళ్లు, చుట్టూ అక్కడక్కడా నీళ్లు. "ఫ్యామిలీ ట్రిప్" అని స్టేటస్ పెట్టాడు. యాభైమంది లైకులు కొట్టారు. ఎంత లాభం చూడండి! సునంద పాదం తడవకుండా, జలుబు చేయకుండా, ఇంట్లో కూర్చునే మరవ చూసేసింది. చంటిబిడ్డతో టూరులోని పరమార్థం ఇదే కదా?

కానీ కొందరికి ఎంత చెప్పినా తృప్తి ఉండదు. నాలుగో రోజు, మరవ సన్నబడుతోందని తెలిసింది. సునంద పొద్దున్నే శశికి పాలిచ్చి, మగ్గం పక్కన ఉయ్యాలలో పడుకోబెట్టింది.

"జావ ఫ్లాస్కులో ఉండాది. గుడ్డలు ఆడ మడిచి పెట్టినా. నేను యాడికో పోయి మద్యానానికి వస్తా."

"యాడికి? ఏమే, పాప లేస్తే?"

"నువ్వు మగ్గం ఆపకుంటే లేయదు."

వెళ్లిపోయింది! ఆ పూట నరేంద్ర మగ్గం గుంటలోంచి లేవలేదు. ఒక్కసారి నీళ్లు తాగుదామని ఆగితే ఉయ్యాల కదిలింది, మళ్లీ కూర్చున్నాడు. పెళ్లయ్యాక ఒక్క పూటలో అంత చీర ఎన్నడూ నేయలేదట. అదేమి న్యాయం? పాపం, ఆయనకు ఒక్క సెల్ఫీ తీసుకునే తీరిక కూడా లేకపోయింది.

బస్సులో సునంద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చాలాసేపు అవస్థపడింది. ఏడు నెలల్లో అవి ఖాళీగా ఉండటం ఇదే మొదలు. కొత్తచెరువులో దిగి షేర్ ఆటో ఎక్కింది. చెరువు దగ్గర జనం పెద్దగా లేరు. నీళ్లు తగ్గినా రాళ్ల మీద పారుతూనే ఉన్నాయి. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, రెండు కాళ్లూ నీళ్లలో పెట్టి కూర్చుంది. చల్లగా ఉంది. ఎవరూ పిలవలేదు. హాయిగా ఉంది.

అక్కడ ఉడకబెట్టిన వేరుశనక్కాయలమ్మే ముంతాజ్ అనే ఆమె చాలాసేపు చూసి, ఉండబట్టలేక దగ్గరికొచ్చింది.

"ఏమ్మా, ఒక్కదానివే వచ్చినావే? ఇంట్లోవాళ్లని గూడా పిల్చుకొని రాకపోతివా?"

"మొన్న అందరమూ వచ్చినాం అక్కా," అంది సునంద. "చూసేదానికి ఈ పొద్దు వచ్చినా."