మూడు పాయింట్ తొమ్మిది సెకన్లు

ప్రజల సొమ్ముతో కొన్న బండి ప్రజలకంటే వేగంగా పోవాలన్నదే తమ ప్రభుత్వ విధానమని రవాణా మంత్రిగారు పత్రికల వాళ్లని పిలిచి మరీ ప్రకటించారు. మంత్రివర్గానికి కొత్త ఎస్‌యూవీలు రాబోతున్నాయి. కరెంటు బండా, పెట్రోలు బండా అన్నది ఎవరి ఇష్టాయిష్టాల మీదా తేల్చరు. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగాన్ని ఏది ఎన్ని సెకన్లలో అందుకుంటుందో శాస్త్రీయంగా పరీక్షిస్తారు. "సెకను విలువ తెలిసిన ప్రభుత్వం మాది" అన్నారు మంత్రిగారు. సమావేశానికి గంటన్నర ఆలస్యంగా వచ్చారు కాబట్టి ఆ మాటలోని లోతు అందరికీ వెంటనే అర్థమైంది.

పరీక్ష బాధ్యత వాహన తనిఖీ కేంద్రం ఇంజినీరు మీద పడింది. ఆఫీసులో ఆయన్ని పాయింట్ సారు అంటారు. ఎవరైనా ఏడు సెకన్లు అంటే "ఏడు పాయింట్ ఎంత?" అని అడిగే రకం. ఇరవై ఆరేళ్లుగా లారీల బ్రేకులూ బస్సుల పొగా చూసి సర్టిఫికెట్లు ఇస్తున్నాడు. కళ్లారా చూడని బండికి ఒక్కసారి కూడా సంతకం పెట్టలేదు. ఈ జబ్బు వల్ల ప్రమోషన్ రాలేదు గాని, పై అధికారులు సొంతానికి పాత కారు కొనేటప్పుడు మాత్రం ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్లేవారు.

ఇంకా ప్రారంభించని బైపాస్ రోడ్డు మీద ఉదయం పదింటికి పరీక్ష. తెల్లటి కరెంటు బండి, నల్లటి పెట్రోలు బండి వచ్చి నిలబడ్డాయి. ఇంజినీరు రెండింటిలోనూ టైమింగ్ మిషను బిగించి, స్క్రూలు రెండేసిసార్లు చూసుకున్నాడు. బతుకంతా నెమ్మదిగా పోయే బళ్ల మధ్యే గడిచింది. ఇవాళ ఒక గొప్ప అంకె తన చేతుల మీదుగా పుట్టబోతోందని ఆయనకు లోలోపల పండగలా ఉంది.

మంత్రిగారు పెట్రోలు బండి ఇంజిను రంకె విని ముచ్చటపడ్డారు. కరెంటు బండి దగ్గర చెవి పెట్టి, "ఇది స్టార్ట్ అయిందా?" అన్నారు.

"అయింది సార్" అన్నాడు ఇంజినీరు. "ఇది పెడల్ నొక్కిన క్షణమే మొత్తం బలం ఇచ్చేస్తుంది. పెట్రోలు బండి అయితే ఇంజిను వేగం పుంజుకోవాలి, గేర్లు మారాలి, అప్పుడుగాని ఇవ్వదు."

"అంటే దీనికి ఆలోచించే పని లేదన్నమాట."

"లేదు సార్."

"నాలాగే" అన్నారు మంత్రిగారు మురిసిపోతూ. ఆయన పీఏ ఆ మాటను నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

మంత్రిగారు కరెంటు బండిలో, సహాయ మంత్రిగారు పెట్రోలు బండిలో ఎక్కారు. ఇంజినీరు జెండా ఎత్తబోతుంటే భద్రతాధికారి చెయ్యి పట్టుకుని ఆపాడు. ఒక పాత పోలీసు జీపు ఊగుతూ వచ్చి కరెంటు బండి ముందు నిలబడింది.

"ఇదెందుకండీ?" అన్నాడు ఇంజినీరు.

"పైలట్ జీపు. మంత్రిగారు కదిలితే ముందు ఇది ఉండాలి. ప్రోటోకాల్."

"ముందు జీపు పెట్టుకుని వంద ఎలా అందుకుంటారు?"

"అది మీ డిపార్ట్‌మెంటు. నాది జీపు వరకే."

ఇంజినీరు జీపు డ్రైవరు దగ్గరికి పరిగెత్తాడు. "బాబూ, ఇది ఎంత పోతుంది?"

"నలభై దాటితే తలుపు ఊడుతుంది సార్" అన్నాడు డ్రైవరు నిజాయితీగా.

ఈలోగా మరో చిక్కు వచ్చిపడింది. సహాయ మంత్రి బండి మంత్రి బండికి ముందు పోకూడదు. పక్కన కూడా పోకూడదు. పది మీటర్లు వెనక రావాలి. ప్రభుత్వంలో ఎవరి వేగం ఎంతో ముందే రాసిపెట్టి ఉంటుందని ఇంజినీరుకు అప్పుడే తెలిసింది.

జెండా ఊగింది. జీపు దగ్గుతూ కదిలింది. కరెంటు బండి ఒక్క ఉదుటున దూకి, జీపు వెనక భాగాన్ని ముద్దు పెట్టుకోబోయి సడన్ బ్రేకుతో ఆగింది. మంత్రిగారి కళ్లజోడు డ్రైవరు ఒళ్లో పడింది. మళ్లీ దూకింది, మళ్లీ ఆగింది. వెనక పెట్రోలు బండి సింహంలా గర్జిస్తూ నత్తలా వచ్చింది. రోడ్డు చివరకు చేరేసరికి రెండు మిషన్లలోనూ ఒకటే అంకె ఉంది. అత్యధిక వేగం ముప్పై ఎనిమిది పాయింట్ రెండు. కింద ఎర్ర అక్షరాలతో, వంద అందలేదు అని.

"ఎంతొచ్చింది?" అన్నారు మంత్రిగారు మెడ రుద్దుకుంటూ.

ఇంజినీరు నోరు తెరిచేలోపు పీఏ అందుకున్నాడు. "మీది మూడు పాయింట్ తొమ్మిది సార్. వెనక బండి ఆరు పాయింట్ రెండు."

కెమెరాలు మెరిశాయి. సహాయ మంత్రిగారు తన స్థాయికి ఆరు సబబేనని ఒప్పుకున్నారు. పీఏ ఇంజినీరు భుజం మీద చెయ్యి వేసి పక్కకు నడిపించాడు. "రిపోర్టు రేపు పొద్దున్నకి ఇచ్చేయండి సార్. అన్నట్టు, సరిహద్దు చెక్‌పోస్టులో ఇంజినీరు పోస్టు ఖాళీగా ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లే దొరకట్లేదు."

ఇంజినీరు భార్యకు వారానికి రెండుసార్లు డయాలసిస్. చెక్‌పోస్టు నుంచి అది చేసే ఆసుపత్రి ఏడు గంటల దూరం.

మధ్యాహ్నం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడేగాని ముద్ద దిగలేదు. భార్య అంతా విని, మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపింది.

"ఏమండీ, తప్పుడు అంకె రాయాలనుకుంటే రాయండి. నన్ను అడ్డం పెట్టుకుని మాత్రం రాయకండి."

"నీకోసం కాకపోతే నాకెందుకే ఆ అంకె?"

"మరి రాయకండి. ఏడు గంటలైతే ఏడు గంటలు. బస్సులో నిద్రపోతాను."

ఆ మనిషి బస్సెక్కితే పది నిమిషాలకే వాంతులు చేసుకుంటుందని ఇంజినీరుకు తెలుసు. ఆయనకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆ కంచం ముందే కాగితం తీసి నిజం రాశాడు. రెండు బళ్లూ వంద అందుకోలేదు, పరీక్ష చెల్లదు, జీపు లేకుండా మళ్లీ చేయాలి. కింద పొడుగ్గా సంతకం పెట్టాడు. ఆ పూట పెరుగన్నం కూడా అడిగి తిన్నాడు.

మర్నాడు ఉదయం పీఏ గదికి వెళ్లి, తెగించి, కాగితం బల్ల మీద పెట్టాడు.

పీఏ దాన్ని విప్పనైనా లేదు. "ఇదేంటి సార్? మీ రిపోర్టు ఎప్పుడో అందిందిగా. మంత్రిగారు ఒకటే మెచ్చుకోవడం."

సొరుగులోంచి నున్నటి అట్టతో ఒక పుస్తకం తీసి చేతికిచ్చాడు. అట్ట మీద తెల్ల బండి, పక్కన మంత్రిగారు. లోపల పట్టికలు, గ్రాఫులు. కరెంటు బండి మూడు పాయింట్ తొమ్మిది, పెట్రోలు బండి ఆరు పాయింట్ రెండు. ఆఖరి పేజీలో ఇంజినీరు పేరు, హోదా, సంతకం. అచ్చయిన తేదీ చూస్తే, పరీక్షకు వారం ముందుది.

"మరి నా బదిలీ?" అన్నాడు ఇంజినీరు.

"ఇంత మంచి రిపోర్టు ఇచ్చినవాళ్లని ఎవరు బదిలీ చేస్తారండీ? ఇదిగో, పుస్తకం ముట్టినట్టు ఈ రిజిస్టరులో ఒక సంతకం పెట్టి వెళ్లండి."

ఆ రోజు ఆసుపత్రి రోజు. భార్య కింద ఆటోలో కూర్చుని ఉంది. ఇంజినీరు పెన్ను తీసి ఇరవై ఆరేళ్లుగా పెడుతున్న సంతకం పెట్టాడు.

పీఏ రిజిస్టరు తనవైపు తిప్పుకుని, పుస్తకంలో ఆఖరి పేజీ పక్కన పెట్టి, అటూ ఇటూ చూసి పెదవి విరిచాడు.

"ఇది కలవట్లేదు సార్. రేపు ఆడిట్‌లో పట్టుకుంటారు. పుస్తకంలో ఉన్నట్టు పెట్టండి."

ఇంజినీరు పుస్తకాన్ని దగ్గరకు జరుపుకుని, దాన్నే చూస్తూ మెల్లిగా పెట్టాడు. మూడోసారికి కుదిరింది.