రీలు అబద్ధమాడదు

"ఈ క్షణం నుంచి నా ఫోటో ఏదైనా సరే, పాతకాలం ఫిల్మ్ రీలు మీదనే దిగుత. డిజిటల్ ఫోటోను సంపూర్ణంగ బహిష్కరిస్తున్న" అని రాష్ట్ర ప్రాచీన వృత్తుల పరిరక్షణ సలహా మండలి అధ్యక్షులు వేణుగోపాల్ గారు ప్రకటించారు. ఆ చారిత్రక ఘట్టాన్ని పదకొండు డిజిటల్ కెమెరాలు రికార్డు చేశాయి.

ప్రకటన వెనుక గొప్ప ఆవేదన ఉంది. వేణుగోపాల్ గారు, అంటే కార్యకర్తల వేణన్న, ఈసారి అసెంబ్లీ టికెట్ ఆశిస్తున్నారు. పార్టీ టికెట్లు పంచే ఢిల్లీ పెద్దాయనతో తనకెంత చనువో జనానికి తెలియాలని, ఆయన పక్కన తాను నిలబడ్డ ఫోటోతో పాతబస్తీ నిండా ఫ్లెక్సీలు కట్టించారు. ఆ ఫోటో కంప్యూటర్లో పుట్టిందని గిట్టనివాళ్లు పుకారు లేపారు. వేణన్న భుజం మీదున్న పెద్దాయన చేతికి ఆరు వేళ్లున్నాయని టీవీలో సున్నా చుట్టి మరీ చూపించారు. పెద్దమనిషి ప్రేమతో భుజం మీద చెయ్యేస్తే వేళ్లు లెక్కపెట్టే పాడురోజులు వచ్చాయి.

"రీలు అబద్ధమాడది. ఢిల్లీకి పోత, పెద్దాయనతోని రీలు మీద ఫోటో దిగుత, తెల్లారి మీ ముందర పెడుత" అని వేణన్న శపథం పట్టారు.

రీలు కెమెరా నడిపే మనిషి కోసం పి.ఏ. శ్రవణ్‌కుమార్ రెండు రోజులు తిరిగి, చివరికి పత్తర్‌గట్టి వెనుక గల్లీలో కొండల్‌ను పట్టుకున్నాడు. కొండల్‌కు అరవై మూడేళ్లు. అక్కడి ఫోటో స్టూడియో వాళ్ల నాయన పెట్టింది. ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోలే బతుకుతెరువు. ఆయన తీస్తాడు, భార్య రుక్మాబాయి కత్తెరతో నాలుగు వైపులా సాపుగా కత్తిరించి కవర్లో పెడుతుంది. పాత ఇనుప కెమెరాను మాత్రం ప్రతి శుక్రవారం తుడిచి, తుప్పు పట్టకుండా నాలుగుసార్లు క్లిక్కుమనిపించి మళ్లీ అల్మారాలో పెడతాడు. మూడు నెలల కిందట రోడ్డు వెడల్పు వాళ్లు వచ్చి షట్టర్ మీద ఎర్ర రంగుతో గీత గీసి, పక్కన '24 అడుగులు' అని రాసిపోయారు. స్టూడియో లోతు మొత్తం కలిపి ఇరవై రెండడుగులు. అప్పటి నుంచి కొండల్‌కు అన్నం సహించడం లేదు.

ఆ ఎర్రగీత చూడగానే శ్రవణ్‌కుమార్ ముఖం వెలిగింది. ఎదుటివాడికి అవసరం ఉందని తెలిసినప్పుడు ఏ పి.ఏ.కైనా కలిగే సంతోషమే అది. అరగంటలో కొండల్‌ను వేణన్న ఎదుట నిలబెట్టాడు.

"కొండలన్నా! యాది ఉన్ననా?" అని వేణన్న లేచి ఆలింగనం చేసుకున్నారు.

యాది లేకేం? ముప్పై ఏళ్ల కిందట వేణన్న పార్టీ తరఫున సామూహిక వివాహాలు జరిపించేవారు. ఫోటోలు కొండల్‌వి. రీలుకు ముప్పయ్యారు ఫోటోలే వస్తాయి. జంటల పక్కన నిలబడి దిగుతామని వచ్చేవాళ్లు మూడు వందల మంది. కాదంటే లొల్లి. అందుకని ఆ కాలం ఫోటోగ్రాఫర్ల దగ్గర ఒక ఉపాయం ఉండేది. దాని పేరు ఉత్త ఫ్లాష్. లైటు భగ్గుమంటుంది, రీలు మాత్రం కదలదు. దిగినవాడు దిగాననుకుని సంతోషంగా భోజనాల వైపు పోతాడు. ఎవరికి రీలు, ఎవరికి ఉత్త ఫ్లాష్ అన్నది పెళ్లి పెద్ద సైగ చేసి చెప్పాలి. ఉత్త ఫ్లాష్ చాలు అనడానికి వేణన్న సైగ కుడి చెవి తమ్మె పట్టుకోవడం. ఎడమ చెయ్యి అవతలి మనిషి భుజం మీదే ఉండేది, ముఖం మీద నవ్వు చెదిరేది కాదు, కుడి చెయ్యి మాత్రం మెల్లగా చెవి దగ్గరికి పోయేది. ఈయన చాలా దూరం పోతాడని కొండల్ ఆ రోజుల్లోనే అనుకున్నాడు.

"నీ దుకాణం ఫికర్ నాకు ఇడిసిపెట్టు. ప్రాచీన వృత్తి నీది, పరిరక్షణ నాది. పెద్దాయనతోని ఫోటో తియ్యి, ఆ గోడ మీద చెయ్యి వెయ్యొద్దని నా లెటర్‌హెడ్ మీద రాసిస్త" అన్నారు వేణన్న.

ఇంటికొచ్చి చెబితే రుక్మాబాయి, "లెటర్ ముందుగాల ఇయ్యమనకపోయినవ్?" అంది.

"గట్లెట్ల అడుగుత? పెద్దమనిషాయె."

"పెద్దమనిషైతేనే అడగాలె" అని ఆమె కత్తెర అందుకుంది.

కొండల్ రెండు కొత్త రీళ్లు కొన్నాడు. విమానాశ్రయాల్లో కొత్తగా పెట్టిన స్కానింగ్ మిషన్లలో పడితే రీలు మీదికి పొగ కమ్మినట్టవుతుందని కొట్టువాడు హెచ్చరించాడు. అందుకే రీళ్లను డబ్బాల్లోంచి తీసి, కనపడే ప్లాస్టిక్ కవర్లో వేసి, 'దయచేసి చేతితో తనిఖీ చేయగలరు' అని ఇంగ్లీషులో రాయించిన కాగితం పైన పెట్టుకున్నాడు.

ఆ రోజు విమానాశ్రయంలో రెడ్ అలర్ట్. చెప్పులు సైతం విప్పించి చూస్తున్నారు. కొండల్ కవరు ఇన్‌స్పెక్టర్ ఉదయశ్రీ చేతిలో పడింది. ఆ అమ్మాయి పుట్టేసరికి రీళ్ల కాలం వెళ్లిపోతోంది.

"ఏంటండీ ఇవి?"

"రీళ్లు మేడమ్. మిషన్ల పెడితే ఖరాబైతయి. జర చేత్తోని చూడుండ్రి."

"కెమెరా ఆన్ చేసి చూపించండి."

"దీనికి ఆన్ లేదు మేడమ్."

"బ్యాటరీ తీసేశారా?"

"బ్యాటరీయే లేదు. పుట్టినకాడి నుంచి లేదు."

"సరే, ఒక ఫోటో తీయండి."

కొండల్ ఖాళీ కెమెరాను క్లిక్కుమనిపించాడు. ఆమె వెనక వైపు తిప్పి చూసింది. "ఏదీ ఫోటో?"

"రీలు ఎక్కియ్యలే మేడమ్. ఎక్కిచ్చినా కనపడది. చీకట్ల కడగాలె."

"కడగడానికి నీళ్లు తెచ్చారా? వంద మిల్లీలీటర్లు దాటకూడదు."

"నీళ్లతోని కాదు మేడమ్, మందుతోని."

మందు అనే మాటకు నలుగురు సిబ్బంది ఒకేసారి ఇటు తిరిగారు. "ఫోటోలు కడిగే మందు మేడమ్, ఇంట్లనే ఉన్నది" అని కొండల్ రెండు చేతులూ ఎత్తాడు. ఉదయశ్రీ నవ్వు ఆపుకుని, పేలుడు మందు జాడ ఉందేమోనని రీళ్లను గుడ్డతో తుడిచి పరీక్ష చేయించి, కెమెరా లోపల టార్చి వేసి చూసి, ఎనిమిది నిమిషాల్లో తిరిగి ఇచ్చేసింది.

ఆలస్యమైంది వేణన్న వల్ల. శ్రవణ్‌కుమార్ సంచిలోంచి జానెడు పొడవున్న వెండి కత్తెర బయటపడింది.

"సార్ ఎక్కడికి పోయినా ఇది ఉండాలె మేడమ్. ఎక్కడ రిబ్బన్ ఎదురైతదో తెల్వది కద?"

"విమానంలో రిబ్బన్ ఉండదండీ."

"ఉంటే?"

ఈ ప్రశ్నకు నిబంధనల్లో సమాధానం లేదు కాబట్టి కత్తెర అక్కడే ఉండిపోయింది. నాలుగు వందల ప్రారంభోత్సవాలు చేసిన కత్తెర అది. విమానం లేచేదాకా వేణన్న తన కుడి చేతి వేళ్లను ఆడిస్తూనే ఉన్నారు.

ఢిల్లీలో పెద్దాయన బంగళా ముందు నూట నలభై మంది వరుసలో ఉన్నారు. మనిషికి నాలుగు సెకన్లు. వేణన్న వంతు వచ్చినప్పుడు కొండల్ ప్రాణం వేలికొనలోకి తెచ్చుకుని మూడు ఫోటోలు తీశాడు. మొదటిదానిలో పెద్దాయన సెల్‌ఫోన్ చూసుకుంటున్నారు. రెండోదానిలో తుమ్ముతున్నారు. మూడోదానిలో వేణన్న వైపు వేలు చూపించి, ఈయనెవరని పక్కనున్న సెక్రటరీని అడుగుతున్నారు.

"ఎట్లొచ్చినయ్ కొండలన్నా?" బయటికి రాగానే వేణన్న ఆత్రంగా అడిగారు.

"రీలు అబద్ధమాడది సార్" అన్నాడు కొండల్.

మర్నాడు పొద్దున తిరుగు ప్రయాణం. అక్కడ అలర్ట్ ఇంకో మెట్టు పైకెక్కి ఉంది. అయినా కొండల్ కవరూ కాగితమూ చూపిస్తే అధికారి అయిదు నిమిషాల్లో చేత్తోనే తనిఖీ చేసి పంపేశాడు. వేణన్న అప్పుడే ఫోన్ పెట్టేసి వచ్చి, కవరు మిషన్ పక్కన కనపడగానే బెల్టు ముందు బైఠాయించారు.

"నా రీలును మిషన్ల పెట్టే ముందు నన్ను పెట్టుండ్రి!"

శ్రవణ్‌కుమార్ వంగి చెవిలో చెప్పాడు. "సార్, చెకింగ్ అయిపోయింది. మనం విమానం ఎక్కుడే ఆలస్యం."

"గంత జల్ది ఎట్లయితది? మీడియా ఇంకా రాలే!"

ఆయనకేం కావాలని అధికారి కొండల్‌ను హిందీలో అడిగాడు. కొండల్‌కు తెలిసి ఉంటే చెప్పేవాడే. ధర్నా ఇరవై రెండు నిమిషాలు నడిచింది. విమానం తలుపులు మూస్తున్నామని మైకులో చెప్పాక వేణన్న లేచారు. అధికారులు దిగివచ్చారని హైదరాబాద్‌కు వార్త ముందే చేరిపోయింది.

స్వాగత సభ పత్తర్‌గట్టిలో, సరిగ్గా కొండల్ స్టూడియో ముందే పెట్టారు. మధ్యాహ్నం పన్నెండున్నర, నెత్తి మాడే ఎండ. డప్పులు మోగుతున్నాయి. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి ఆటో నిండా బంతిపూలు వచ్చాయి. కొండల్ కవరును గుండెకు అదుముకుని షట్టర్ వైపు జరగబోయాడు. "సార్, ఒక్క గంట. చీకటి గదిల కడిగి తెస్త."

వేణన్న మైకు అందుకున్నారు. "చీకటి గదుల కడుగుడు మన పార్టీ సంస్కృతి గాదు! ప్రజల దగ్గర దాచేది ఏమున్నది? పారదర్శకంగ, మీ అందరి ముందర, పట్టపగలే ఆవిష్కరిస్త!"

"వద్దు సార్, ఎండ!" అని కొండల్ అరిచాడు. డప్పుల్లో ఆ అరుపు కలిసిపోయింది. శ్రవణ్‌కుమార్ కవరు లాక్కుని రీలు వేణన్న చేతిలో పెట్టాడు. తర్వాత కడిగేటప్పుడు సులువని రీలు కొసను వేలెడు బయటికి వదిలిపెట్టడం కొండల్‌కు నలభై ఏళ్ల అలవాటు. ఆ కొస వేణన్న కంటపడింది. పట్టుకుని లాగారు. నల్లగా నిగనిగలాడుతూ గజమున్నర పొడవున రీలు బయటికొచ్చింది. ఇద్దరు కార్యకర్తలు చెరో కొస పట్టుకుని సాగదీసి నిలబడ్డారు. ఎదురుగా అంత పొడవున రిబ్బన్ లాంటిది కనపడితే నాలుగు వందల ప్రారంభోత్సవాల చెయ్యి ఊరుకుంటుందా? కత్తెర కత్తెర అని కేకలు లేచాయి. ఎవరో స్టూడియోలోకి ఉరికి, రుక్మాబాయి చేతిలోని కత్తెర గుంజుకొచ్చారు. వేణన్న కత్తిరించారు. చప్పట్లు మోగాయి.

కొండల్ తన గడప మీదే కూలబడ్డాడు. నలభై ఏళ్లలో ఒక్క రీలూ పాడు చేయని మనిషికి ఏడుపొచ్చింది. మెడలో ఎవరో దండ వేశారు.

అయినా ఆశ చావక రెండు ముక్కలూ కడిగాడు. రీలు కొస నుంచి కొస దాకా బొగ్గులా ఉంది; ప్రింటు వేస్తే తెల్ల కాగితం వచ్చింది. ఆ తెల్ల ఫోటో పట్టుకుపోయి, "ఎండ తగిలింది సార్" అన్నాడు.

వేణన్న ఫోటోను చాలాసేపు చూశారు. వెలుతురుకు పట్టి చూశారు. తిరగేసి చూశారు. తర్వాత "శ్రవణ్, ప్రెస్ మీట్" అన్నారు.

ప్రత్యర్థుల కుట్రతో విమానాశ్రయంలో రహస్య కిరణాలు వదిలి తన ఫోటోను చెరిపేశారని ఆ సాయంత్రం వేణన్న గద్గద స్వరంతో వెల్లడించారు. మూడు రోజుల్లో పాతబస్తీ అంతటా ఇరవై అడుగుల తెల్లని ఫ్లెక్సీలు వెలిశాయి. మధ్యలో ఏమీ లేదు. కింద 'ఢిల్లీ పెద్దాయనతో మన వేణన్న' అనీ, మూలన 'ఫోటో: కొండల్' అనీ ఉంది. గిట్టనివాళ్లు గంటలకొద్దీ వెతికారు గానీ, లెక్కపెట్టడానికి ఒక్క వేలూ దొరకలేదు. పెద్దాయన స్వయంగా ఫోన్ చేసి, ఇద్దరం కలిసి దిగినవాటిలో ఇదే బాగా వచ్చిందని మెచ్చుకున్నారట. ఆ వారంలోనే టికెట్ ఖరారైంది.

మాట తప్పడం వేణన్న రక్తంలో లేదు. టికెట్ వచ్చినందుకు పెట్టిన విజయోత్సవ సభలో కొండల్‌ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. స్టూడియో గోడను ముట్టరాదని లెటర్‌హెడ్ మీద టైపు చేయించి, అందరి ముందు సంతకం చేసి, ముద్ర కొట్టించి చేతిలో పెట్టారు. కొండల్ కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ ఈ మనిషిని లోలోపల అనుమానించినందుకు సిగ్గుపడ్డాడు.

ఫోటోగ్రాఫర్లు ఎదురుగా చేరారు. వేణన్న ఎడమ చెయ్యి కొండల్ భుజం మీద పడింది. ముఖం నిండా నవ్వు. శ్రవణ్‌కుమార్ ఆ లెటర్ కాపీని మున్సిపల్ ఆఫీసుకు పంపాల్సిన ఫైలు పట్టుకుని వేదిక కింద నిలబడి ఉన్నాడు. వేణన్న అతని వైపు చూసి, నవ్వు చెదరకుండా, మెల్లగా కుడి చెవి తమ్మె పట్టుకున్నారు. శ్రవణ్‌కుమార్ తలూపి ఫైలు మూసేశాడు. కొండల్ చూపు ఆ చెవి మీద ఉండగానే ఫ్లాష్‌లు భగ్గున వెలిగాయి.

కొండల్ ఇంటికొచ్చేసరికి రుక్మాబాయి షట్టర్ దగ్గరే ఎదురుచూస్తోంది.

"ఇచ్చిండా?"

"ఇచ్చిండు."

"సంతకం చేసిండా?"

"చేసిండు. ముద్ర గూడ కొట్టిండు."

రుక్మాబాయి లెటర్‌ను కళ్లకద్దుకుని దేవుడి పటం వెనుక పెట్టి వచ్చింది. వచ్చేసరికి కొండల్ స్టూలెక్కి గోడ మీది ఫోటోలు ఒక్కొక్కటే ఊడదీస్తున్నాడు.

"ఏందయ్యా గిది? లెటర్ వచ్చె గద!"

"జర కింది నుంచి పట్టుకో" అన్నాడు కొండల్. "నాయిన ఫోటో. అద్దం పగుల్తది."