తలుపులు మూసిన కారు

1927 శీతాకాలంలో నది దాటి ఒక్క చుక్క విస్కీ కూడా రాదని మద్యనిషేధ కమిషనర్ ప్రింగిల్ గారు చర్చి హాల్లో ప్రకటించారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇవతలి ఒడ్డు అమెరికా, అవతలి ఒడ్డు కెనడా. అక్కడ విస్కీ బాహాటంగా దొరుకుతుంది. నది గడ్డకట్టి అప్పటికే నెలయింది.

కమిషనర్ గారింట్లో వంట చేసే లియోనా కూడా చప్పట్లు కొట్టింది. ఆమె తమ్ముడు ఆర్మాండ్ వేదిక మీదే ఉన్నాడు. పద్దెనిమిదేళ్లవాడు. మద్యవ్యతిరేక యువజన లీగ్ కార్యదర్శి, కోటుకి తెల్ల రిబ్బను. ఆదివారాలు తోటి పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించేవాడు. గురువారాలు పాత కారేసుకుని నది మీదుగా కమిషనర్ గారికి విస్కీ తెచ్చేవాడు. రెండు పనుల్లోనూ శ్రద్ధ ఉన్నవాడని ఆయనే మెచ్చుకున్నారు.

మంచు మీదికి వెళ్లే కుర్రాళ్లంతా ముందు కారు తలుపులు ఊడదీసి ఇంట్లో పెట్టేవారు. మంచు విరిగితే దూకెయ్యడానికి. కమిషనర్ గారి చురుకైన చూపు దీని మీద పడింది.

"తలుపుల్లేని కారు దొంగకారు. రేపట్నుంచి నది మీద ప్రతి కారుకీ తలుపులుండాలి, అవి మూసి ఉండాలి. లేకపోతే అరెస్టే," అని ఆర్డరు వేశారు.

గుమాస్తా నసిగాడు. "మంచు విరిగితేనో సార్?"

"విరగదు. గట్టిగా ఉందని నేనే సర్టిఫై చేశాను."

"తమరు నది దగ్గరికి వెళ్లలేదు కద సార్."

"సర్టిఫై చెయ్యడానికి వెళ్లడమెందుకయ్యా?"

పత్రికలు ఆయన్ని ఆకాశానికెత్తాయి.

మార్చిలో సెనేటర్ గారికి విందు ఏర్పాటైంది. కమిషనర్ గారు ఆర్మాండ్‌ని వంటింటి గుమ్మం దగ్గరికి పిలిపించారు.

"సెనేటర్ గారికి కెనడా సరుకంటే ప్రాణం. తలుపులు బిగించుకునే వెళ్లు. నా లీగ్ కుర్రాడే నా ఆర్డరు మీరితే నా పరువేం కాను?"

ఆయన లోపలికి వెళ్లగానే లియోనా పిండి చేతులతో బయటికొచ్చింది. "మంచు నల్లబడి పలచనైందిరా. తలుపులన్నా తీసెయ్, వెళ్లడమన్నా మానెయ్."

"కార్యదర్శినే అరెస్టు చేస్తే ఊరంతా నవ్వుతారక్కా."

"నవ్వనీరా! పీడాపోయె!"

"నువ్వు ముందు రొట్టె మాడకుండా చూసుకో," అంటూ వెళ్లిపోయాడు.

తిరిగొస్తుండగా కారు పట్టపగలే మునిగింది. మర్నాడు గొలుసులేసి పైకి లాగారు. రెండు తలుపులూ మూసే ఉన్నాయి. లోపలి పిడి విరిగి ఆర్మాండ్ చేతిలో ఉంది.

కారులో మద్యం చుక్కైనా లేదని కమిషనర్ గారు స్వయంగా పత్రికలకి చెప్పారు. కుర్రాడు లీగ్ తరఫున నదికి కాపలా కాస్తూ అమరుడయ్యాడన్నారు. విందుని సంతాపసభగా మార్చారు. వంటకాలు మాత్రం మార్చలేదు. కనుక లియోనాకి సెలవు దొరకలేదు.

"తలుపు తీస్తే బతికేవాడు," అన్నారు కమిషనర్ గారు. "తియ్యలేదు! చివరి క్షణం దాకా ఆర్డరుకి కట్టుబడ్డాడు!"

అతిథులు కళ్లు తుడుచుకున్నారు. లియోనా గ్లాసులు నింపుతూ వచ్చింది.

సెనేటర్ గారు సీసా అందుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "దీని మీద లేబుల్ లేదేమమ్మా?"

"నీళ్లలో నాని ఊడిపోయిందండీ," అంది లియోనా.

"అలాగా," అని ఆయన గ్లాసు ముందుకి జరిపారు.