పది గీతల సూదిమందు

పోయిన శనివారం మా ఇంట్లో ఉన్నది నలుగురం. స్నానాల గదిలో గడియ పెట్టుకుని అమ్మ, వంటింట్లో నానమ్మ, సోఫాలో డార్లా పిన్ని, స్నానాల గది తలుపుకి ఆనుకుని నేను. నాన్న దూడల్ని ట్రక్కులో వేసుకుని వేలానికి పోయాడు. ఇక ఫ్రిజ్‌లో, వెనిగర్ దోసకాయల సీసా పక్కన, బొటనవేలంత ఇంకో సీసా. ఇంట్లో అందరికన్నా మర్యాద దానికే.

ఒళ్ళు తగ్గించే ఈ సూదిమందు చేసినంత మేలు మా ఇంటికి ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదని మనవి. కాదనేవాళ్ళు ఒక్కసారి నెబ్రాస్కా వచ్చి మా బల్ల ముందు కూర్చోండి!

ఇదివరకు ఆ బల్ల దగ్గర ఎంత గోల! నానమ్మ శనివారం శనివారం కొలాచీలు చేస్తుంది. అంటే మధ్యలో పళ్ళ గుజ్జు పెట్టిన బన్నులు. నేరేడు రంగువి ఎవరికి, పసుపువి ఎవరికి అని ఒకటే తగవు. ఇప్పుడు ఆ తగవే లేదు. అమ్మ తినదు. అమ్మ తినకుండా కూర్చుంటే తినడానికి మాకు మొహం చెల్లదు. అందరి వాటా కుక్కకే పోతోంది. పాపం, దానికి త్వరలో ఇదే మందు వాడాల్సొస్తుంది.

ఇంకో మేలు చెప్పనా? డాక్టరు బెడద తప్పింది. మా ఊరికి డాక్టరు తొంభై మైళ్ళ దూరం. అంత దూరం పోతే ఏం చేస్తాడు? నాలుక చాపమంటాడు, రక్తం తీస్తాడు, మీ అమ్మకేం జబ్బు, మీ నాన్నకేం జబ్బు అని కూపీలు లాగుతాడు. కంప్యూటర్లో డాక్టరుకి అంత చాదస్తం లేదు. అమ్మ పొయ్యి మీద గుడ్లు పెట్టి ఫారం నింపడం మొదలుపెట్టింది. గుడ్లు ఉడికేలోపు అభినందనలు వచ్చేశాయి. పిత్తాశయంలో రాళ్ళున్నాయా అని ఒక ప్రశ్న ఉంది. నేనేమన్నా లోపలికి తొంగిచూశానా అని అమ్మ లేవన్నచోట టిక్కు పెట్టింది. ఆ డాక్టరు ఆడో మగో మాకు తెలీదు. ఉన్నారో లేదో కూడా తెలీదు. ఇంత నిరాడంబరమైన డాక్టర్లు ఎక్కడ దొరుకుతారు చెప్పండి?

ఇదంతా ఎందుకంటే, వచ్చే నెల అమ్మతో హైస్కూల్లో చదివినవాళ్ళ కలయిక ఉంది. ఆ తరగతిలో మొత్తం పదకొండు మంది. అందులో ఎనిమిది మందిని అమ్మ వారం వారం చర్చిలో చూస్తూనే ఉంటుంది. వాళ్ళకి ఉన్నట్టుండి సన్నగా కనిపించాలి.

మందుతో పాటు అగ్గిపుల్లంత సిరంజిలు కొన్ని వచ్చాయి. పది గీతల వరకు తీసుకోమని కాగితంలో రాసుంది. ఏటా నాలుగు వందల దూడలకి టీకాలు వేసే చెయ్యి అమ్మది. ఈ పుల్ల కోడిపిల్ల తోలు కూడా దాటదని పక్కన పడేసి, కొట్టంలోంచి దూడల సిరంజి తెచ్చుకుంది. పది గీతలు లెక్కపెట్టింది. వేసేసుకుంది. గీత ఎక్కడైనా గీతే కదా!

అది బుధవారం. అప్పటినుంచి అమ్మకి మంచినీళ్ళు కూడా ఇమడలేదు. మందు పనిచేస్తోందని నానమ్మ సంతోషించింది. అంత బాగా పనిచేస్తోందని తెలిసి డార్లా పిన్ని తనకీ పది గీతలు కావాలని ముప్ఫై మైళ్ళు పికప్ ట్రక్కు నడుపుకుని వచ్చింది. శనివారం పొద్దున అమ్మ లేచి నిలబడబోయి వాష్‌బేసిన్ మీద పడింది. డాక్టరు దగ్గరికి పోదామని తలుపు అవతలనుంచి అన్నాను. నాలుగు రోజులు ఓర్చుకుంటే తేలిపోయేదానికి రాద్ధాంతం చెయ్యొద్దంది. నా గొంతు మామూలుగానే గడప దాటదు.

మందు పంపిన కంపెనీకి మెసేజ్ పెట్టాను. కంటిరెప్ప వేసేలోపు జవాబు! మీ ప్రయాణంలో మేము తోడున్నాం, వచ్చే నెల సీసా ఇప్పుడే పంపమంటారా అని అడిగి, ఒక ఎర్ర గుండె బొమ్మ పెట్టారు. కన్నవాళ్ళు కూడా అంత తొందరగా పలకరు.

అంతలో కుంటుతున్న ఆవుని చూడ్డానికి పశువుల డాక్టరు హొలుబ్ గారొచ్చారు. రెండు సిరంజిలూ, అమ్మ బుధవారం నుంచి ఏం తాగిందో, ఎన్నిసార్లు కక్కిందో నేను రాసుకున్న కాగితమూ ఆయన చేతిలో పెట్టాను. ఆయన సిరంజిలు రెండూ వెలుగులో పక్కపక్కన పట్టుకుని చూశారు. ఆవు సంగతి మరిచిపోయి లోపలికొచ్చి స్నానాల గది తలుపు తట్టారు.

“లావోన్, ఏ సిరంజితో వేసుకున్నావు?”

“మీరిచ్చిందే. దూడలది.”

“అందులో ఒక్క గీతంటే, ఈ చిన్నదాంట్లో పది గీతలు. పది మోతాదులు ఒక్కసారే ఎక్కించుకున్నావు.”

సోఫాలో పిన్ని మడిచిన చొక్కా చెయ్యి మెల్లగా కిందికి దించుకుంది.

“నేను దూడని చూడకుండా దానికి మందివ్వను,” అన్నారాయన. “నిన్నెవరు చూశారు?”

“ఫోటో పంపాను.”

“ఎప్పటిది?”

“చర్చి సభ్యుల పుస్తకానికి తీయించుకున్నది,” అంది అమ్మ. “ఈ పిల్ల పుట్టకముందు.”

గడియ తీసిన చప్పుడైంది.

ఆ మందు మంచిదేనట, సరైన మనిషికి, సరైన మోతాదులో, పక్కన ఒక డాక్టరుంటే. హొలుబ్ గారే అన్నారు. మా అమ్మకి కావలసినవన్నీ దొరికాయి, ఆ మూడూ తప్ప. దూడగా పుట్టి ఉంటే బాగుండేది.

ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆయనా నేనూ చెరో రెక్కా పట్టుకుని అమ్మని పిన్ని పికప్‌లోకి ఎక్కించాం. నానమ్మ దుప్పటి కప్పింది. అమ్మ పెదాలు ఎండి చిట్లాయి. నేను ఎక్కబోయాను.

“నువ్వొద్దు,” అంది అమ్మ.

“ఎందుకు?”

“అక్కడ కాటా ఎక్కిస్తారు. అంకె పైకి చదువుతారు.”

చెవులు మూసుకుంటానన్నాను. కళ్ళు కూడానా అంది. కళ్ళు కూడా అన్నాను. అమ్మ ఒక్క క్షణం నా వంక చూసి, మిగిలిన బలమంతా పెట్టి తలుపు లాగేసుకుంది.