రాజమండ్రిలో హీటరెందుకు

ఆదివారం పొద్దున్నే పెద్దాపురం వెళ్ళి మరిడమ్మ దర్శనం చేసుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండాలని గున్నేశ్వరరావు ఆలోచన. రాజమండ్రిలో స్టీలు సామాన్ల కొట్టు ఆయనది. కారంటే ప్రాణం. భార్య సత్యలక్ష్మి లైసెన్సు తెచ్చుకుని ఏడాదైనా తాళం ఆవిడ చేతికి ఎన్నడూ అందలేదు. పోయినసారి బండి దారిలో ఆగినప్పుడు మాత్రం నోరుజారి మాటిచ్చాడు: ఇంకొక్కసారి మొరాయిస్తే తాళం ఆవిడదే.

తీరా స్టార్టు చేస్తే మీటరులో ఇంజను లైటు వెలిగింది, ఎంతకీ ఆరదే. ఆవిడ ఇంకా గుమ్మానికి తాళం వేస్తోంది. కారు అద్దానికి ఆవిడ ఎప్పుడో అతికించిన స్టిక్కరు బొట్టు కనబడింది. పీకి లైటు మీద అంటించేశాడు.

"ఇదేంటండి?" ఎక్కుతూ అడిగింది సత్యలక్ష్మి.

"అమ్మవారి దగ్గరికి కదా, బండికి బొట్టు పెట్టాను."

మొగుడికి ఇన్నాళ్ళకు భక్తి కుదిరిందని ఆవిడ మురిసిపోయింది. బొట్టున్నచోట పువ్వుండాలని మల్లెదండ దోపింది. పూలు పెట్టాక అగరొత్తి వెలిగించకపోతే ఎలా? రాజానగరం చేరేసరికి పొగకు ఇద్దరి కళ్ళూ మండాయి. కిటికీ దింపితే గాలికి దండ ఎగిరింది, దాంతోపాటు బొట్టూ ఊడింది.

"అమ్మవారు పసుపుపచ్చగా వెలుగుతున్నారేంటండి?" అంది ఆవిడ నింపాదిగా.

దారిపక్క షెడ్డులో మెకానిక్కు ఉదయ్‌కుమార్ స్కానరు తగిలించి చూశాడు. "ఆక్సిజన్ సెన్సారు హీటరుకి కరెంటు అందట్లేదండి."

"ఈ ఎండల్లో హీటరెందుకయ్యా? అందకపోతే మరీ మంచిది."

"మనకి కాదండి, సైలెన్సరు గొట్టంలో ఉండే సెన్సారుకి. అది వేడెక్కితేనే పొగ సంగతి సరిగ్గా చెబుతుందండి."

సెన్సారు బాగానే ఉంది. వైర్లూ బాగానే ఉన్నాయి. టెస్టు లైటుతో వెతుక్కుంటూ వెళ్ళి ఫ్యూజుల పెట్టె మూత తీశాడు. "ఇక్కడ ఫ్యూజే లేదండి. ఎవరో పీకేశారు."

గున్నేశ్వరరావు చప్పున ఆ పెట్టె మూత వేసెయ్యబోయాడు.

"మొన్న హారన్ బాగుచేశానన్నారు, ఎలా చేశారండి?" అంది సత్యలక్ష్మి.

కాలిపోయిన హారన్ ఫ్యూజు బదులు, హీటర్ అని రాసి ఉన్నచోటునుంచి ఒకటి పీకి పెట్టింది ఆయనే. రాజమండ్రిలో హీటరు ఎవడికి కావాలి అనుకున్నాడు. ఆ ముక్కే నసుగుతూ చెప్పాడు.

"అయితే లోపం బండిది కాదు, నడిపేవారిదన్నమాట," అంటూ ఆవిడ చెయ్యి చాపింది. మాటంటే మాటే. తాళం ఇస్తుంటే ఆయన ప్రాణం ఉసూరుమంది.

షెడ్డులో ఆ సైజు ఫ్యూజు ఇంకోటి లేదు. హారన్‌లోది తీసి దాని చోట్లో పెట్టాక లైటు ఆరింది, హారన్ మూగబోయింది. పెద్దాపురం దాకా సత్యలక్ష్మే నడిపింది. గున్నేశ్వరరావు పక్క సీట్లోంచి తల బయటపెట్టి, "కాస్త తప్పుకోండమ్మా, తప్పుకోండి బాబూ" అంటూనే ఉన్నాడు. ఈ హారనుకి ఫ్యూజు అక్కర్లేదు.